అగ్నిపర్వత ద్వీపాల్లో రాగి, బంగారం: లావా కన్నా నీళ్ల పనే ఎక్కువ

వన్‌టౌన్‌లో నగల పని చేయించే మా బావకి ఈమధ్య షేర్ల టిప్పులు పంపే గ్రూపుల పిచ్చి పట్టుకుంది. మొన్న ఒకటి నాకు ఫార్వర్డ్ చేశాడు. ఎక్కడో పసిఫిక్‌లో ఒక ద్వీపం, అక్కడ రాగి, బంగారం కలిసి ఉన్న నిక్షేపం, దాని మీద ఒక పేజీ వివరం. అండెసైట్ రాళ్లలోకి డయోరైట్ పోర్ఫిరీ చొచ్చుకొచ్చింది, పొటాసిక్ ఆల్టరేషన్ బలంగా ఉంది, స్టాక్‌వర్క్ వెయిన్లు దట్టంగా ఉన్నాయి, ఇదీ వరస. "ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నువ్వు చదివింది ఈ రాళ్లేగా, చెప్పు బావా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే తనే ఒక సిద్ధాంతం కూడా వదిలాడు: అగ్నిపర్వతం కడుపులో బంగారం కరిగి ఉంటుంది, లావాతో పాటు బయటికొచ్చి గడ్డకడుతుంది, దాన్ని తవ్వుకుంటారు, అంతేగా?

చాలామంది అనుకునేది ఇదే, పొద్దస్తమానం కొలిమి ముందు కూర్చునే మనిషికి అలా తోచడంలో వింతేం లేదు. కానీ ఆ పేజీ చెబుతున్న కథలో లావాకి దాదాపు పాత్రే లేదు. రాగిని, బంగారాన్ని ఏరుకుని, మోసుకొచ్చి, ఒకచోట పోసింది వేడి ఉప్పునీళ్లు. ఇంకో మాట కూడా చెప్పాలి, వినడానికి తిరకాసుగా ఉంటుంది: అగ్నిపర్వతం ఘనంగా పేలిన చోట ఇలాంటి గని ఏర్పడే అవకాశం తగ్గుతుంది. ఈ రెండూ బుర్రకెక్కితే ఆ పేజీలోని పరిభాషకి భయపడక్కర్లేదు.

ముందు ఆ నీళ్లు ఎక్కడివో చూద్దాం. భూమి పైపొర నిదానంగా కదిలే పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. మన విజయవాడ, గుంటూరు కూర్చున్న ఇండియన్ పలక బంగాళాఖాతం అడుగున తూర్పుకి సాగి, అండమాన్ దీవులకి ఇవతలే పక్క పలక కిందకి దూరిపోతుంది. 2004 డిసెంబర్ 26న మన తీరం దాకా వచ్చిన సునామీ పుట్టింది ఈ అంచు మీదే, సుమత్రా దగ్గర. ఆ అంచు అక్కడితో ఆగదు, సుమత్రా, జావా, బాలి, లొంబోక్, సుంబావా దీవుల పొడవునా వేల కిలోమీటర్లు సాగుతుంది (తూర్పు కొసన దిగుతున్నది ఆస్ట్రేలియా వైపు ముక్క). పలక కిందకి దిగే గీత ఒకటి, దానికి కొంత దూరంలో సమాంతరంగా అగ్నిపర్వతాల వరస ఒకటి. మన దేశంలో ఇప్పటికీ లావా కక్కే ఒకే ఒక్క అగ్నిపర్వతం, అండమాన్‌లోని బారెన్ ద్వీపం, ఈ వరసలోదే.

సముద్రం అడుగున ఉండే బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, కోట్ల ఏళ్లు ఉప్పునీళ్లలో నానుతుంది. నానడమంటే పైపైన తడవడం అనుకోకండి, నీరు వెళ్లి ఖనిజాల స్ఫటికాల్లోనే ఒక భాగమైపోతుంది. క్లోరైట్, ఆంఫిబోల్, సర్పెంటీన్ లాంటివి అలా నీటిని ఇముడ్చుకున్న ఖనిజాలు. ఆ రాయి పలకతో పాటు దిగుతూ దిగుతూ సుమారు 100 కిలోమీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒత్తిడి, వేడి తట్టుకోలేక, దాచుకున్న నీటిని వదిలేస్తుంది. ఆ నీరు పైనున్న మాంటిల్ (భూపటలానికి కింద ఉండే మందపాటి పొర) రాతిలోకి ఎక్కుతుంది. మాంటిల్ అప్పటిదాకా ఘనంగానే ఉంది. భూమి లోపలంతా కుతకుతలాడే లావా అనేది మన స్కూలు బొమ్మలు తగిలించిన అపోహ. నీరు కలిసిన రాయి, పొడిరాయి కన్నా కొన్ని వందల డిగ్రీల తక్కువ వేడికే కరుగుతుంది. అంటే కొత్తగా మంట ఏమీ పెట్టకుండానే, ఉన్న వేడికే ఆ రాయి కాస్త కాస్తగా కరగడం మొదలుపెడుతుంది.

అలా పుట్టిన శిలాద్రవం బరువులో సుమారు 4 శాతం నీరే ఉంటుంది. నడిసముద్రంలో పలకలు విడిపోయే చోట ఉబికే శిలాద్రవంలో సాధారణంగా అర శాతం కూడా ఉండదు. ఈ తేడా ఎంత ముఖ్యమో తెలియాలంటే దక్కన్ బసాల్ట్ వైపు చూస్తే చాలు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన ఆ లావా ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది, దాని తోబుట్టువులైన నల్లరాళ్లు రాజమండ్రి దగ్గర గోదావరికి అటూ ఇటూ కనిపిస్తాయి. అంత లావా పారినా, మనం మాట్లాడుకుంటున్న తరహా రాగి-బంగారం గని అందులో ఒక్కటీ లేదు. అది పలక కిందకి దిగడం వల్ల పుట్టిన లావా కాదు, దానిలో నీరు తక్కువ. లావాయే లోహాన్ని పోసేదైతే మహారాష్ట్ర ఈపాటికి రాగికి పుట్టిల్లయ్యేది.

సరే, నీళ్లున్న శిలాద్రవం పైకి బయలుదేరింది. నేరుగా పైకి రాదు, భూపటలం అడుగున, 20, 30 కిలోమీటర్ల లోతున చాలాకాలం నిలిచిపోతుంది. అక్కడ ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉండే ఖనిజాలు ముందు గడ్డకట్టి కిందకి దిగిపోతాయి, మిగిలిన ద్రవంలో సిలికా పెరుగుతుంది, నీటి శాతం కూడా పెరుగుతుంది. బసాల్ట్‌గా బయలుదేరింది అండెసైట్‌గా మారడం ఇలాగే. నేల మీదకొచ్చి చల్లారితే అండెసైట్, అదే ద్రవం లోపలే ఉండి గడ్డకడితే డయోరైట్. రిపోర్టుల్లో ఈ రెండు పేర్లు జంటగా కనబడటానికి కారణం ఇదే.

ద్వీపం మాత్రం ఒకే రాయితో కట్టిన గుట్ట కాదు. లావా, దాని మీద బూడిద, పేలుడుకి ముక్కలై దొర్లిన రాళ్లన్నీ అతుక్కున్న బ్రెక్సియా, వానకి కొట్టుకొచ్చి తీరంలో పేరుకున్న అగ్నిపర్వత ఇసుక, లోతు తక్కువ నీళ్లలో పగడాలు కట్టిన సున్నపురాయి, మళ్లీ దాని మీద లావా. 'వాల్కానిక్స్' అని ఒక్క మాటలో తేల్చేసే దాంట్లో ఇవన్నీ ఉంటాయి. గనికి ఇది ముఖ్యం, ఎందుకంటే ఏ రాయి ఎలా పగులుతుందన్న దాన్ని బట్టే నీళ్లు ఎటు పోవాలన్నది తేలుతుంది. గట్టి అండెసైట్ పెళుసుగా పగిలి వేల సందులు ఇస్తుంది. మట్టిగా మారిన టఫ్ (బూడిద గట్టిపడి ఏర్పడ్డ రాయి) మూతలా నిలుస్తుంది. సున్నపురాయి అయితే ఏకంగా రసాయనికంగా కలబడుతుంది. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే లాంటి సున్నపురాతిలోకి వేడి ఆమ్లజలం దూరిందనుకోండి, రాయి కరిగి ఆ ఖాళీల్లో గార్నెట్, మాగ్నెటైట్, రాగి ఖనిజాలు కూర్చుంటాయి. దాన్ని స్కార్న్ అంటారు. న్యూగినీ కొండల్లో 1936లో డచ్ భూవిజ్ఞాని జాన్ జాక్ డోజీ చూసిన ఎర్ట్స్‌బర్గ్ అలాంటిదే. దాని పక్కనే ఉన్న గ్రాస్‌బర్గ్ అసలు నిక్షేపం అని తేలింది 1988లో. అంటే గని పక్కనే పనిచేస్తూ కూడా అంతకన్నా పెద్ద గనిని చాన్నాళ్లు గుర్తుపట్టలేదన్నమాట.

నాకు ఈ విషయం చెప్పడానికి అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ మాత్రం సుంబావా. ఇండోనేషియాలో బాలికి తూర్పున ఉన్న ద్వీపం. దాని ఉత్తరాన టంబోరా అగ్నిపర్వతం ఉంది, 1815 ఏప్రిల్‌లో అది పేలిన తీరు చరిత్రలో నమోదైన పేలుళ్లలోకెల్లా పెద్దది. పదుల వేల మంది పోయారు, ఆ బూడిద, గంధకపు పొగల వల్ల మరుసటి ఏడాది యూరప్, అమెరికాల్లో ఎండాకాలమే లేకుండా పోయింది. అదే ద్వీపం నైరుతి మూలలో బాటు హిజావు అనే రాగి-బంగారం గని ఉంది. 1980ల చివర్లో వాగుల ఇసుకని పరీక్షించుకుంటూ, లోహపు జాడ ఎటు పెరుగుతుంటే అటు ఎదురెక్కుతూ పోయి 1990లో దాన్ని పట్టుకున్నారు. అక్కడ 37 లక్షల ఏళ్ల కిందట అండెసైట్ తరహా అగ్నిపర్వత రాళ్లలోకి టోనలైట్ అనే లేతరంగు రాయి స్తంభంలా ఎక్కి, అక్కడే ఆగిపోయింది. ఒక మూల పేలింది, ఒక మూల ఆగింది. ఆగిన చోట గని.

ఎందుకలా? శిలాద్రవం 5 నుంచి 10 కిలోమీటర్ల లోతుకి వచ్చి నిలిచినప్పుడు, పైనున్న బరువు తగ్గడం వల్ల, చుట్టూ స్ఫటికాలు కడుతూ పోవడం వల్ల, నీరు ఇక అందులో ఇమడలేక విడిపోతుంది. సుమారు 700 డిగ్రీల వేడిలో ఉన్న ఆ ద్రవాన్ని మనకి తెలిసిన అర్థంలో నీళ్లనలేం, ఆవిరి అనీ అనలేం, మధ్యరకంగా ఉంటుంది. అందులో క్లోరిన్, గంధకం దండిగా ఉంటాయి. ఇదంతా ఒక్కసారిగా పేలితే గాల్లో కలిసిపోతుంది, లోహంతో సహా. పేలకుండా, ఒకే సన్నని దారిన నిదానంగా పైకి పోగలిగితే, దారిలోనే లోహాన్ని దించిపోతుంది. ఘనమైన అగ్నిపర్వతం అంటే ఒకరకంగా చెయ్యిజారిన గని అన్నమాట. ఇది కొంచెం అతిగా చెప్పడమేనని నాకూ తెలుసు, పేలిన అగ్నిపర్వతాల కింద కూడా తర్వాతి దశల్లో గనులు పడ్డ సందర్భాలున్నాయి. పాపువా న్యూగినీలోని లిహిర్ ద్వీపం బంగారం గని ఒక కూలిన అగ్నిపర్వతపు కడుపులోనే ఉంది, అక్కడ నేల ఇప్పటికీ ఎంత వేడంటే ఆ ఆవిరితో కరెంటు కూడా తీశారు.

లోహం ఆ నీళ్లలోకి ఎలా ఎక్కుతుంది? ఇంట్లో రాగిచెంబు నల్లబడితే చింతపండులో ఉప్పు వేసి రుద్దుతారు కదా. ఆ నలుపు రాగి, ఆక్సిజన్ కలిసి కట్టిన పొర. పులుపు దాన్ని కరిగిస్తుంది, ఉప్పులోని క్లోరైడ్ రాగిని పట్టుకుని నీళ్లలో నిలబెడుతుంది. ఆరేడు వందల డిగ్రీల వేడిలో, భయంకరమైన ఒత్తిడిలో, మామూలు సముద్రపు నీటికి పదింతలు ఉప్పగా ఉండే నీళ్లు ఆ పని ఎంత సులువుగా చేస్తాయో ఊహించుకోండి. శిలాద్రవంలో రాగి నిజానికి ఎంతో ఉండదు, టన్నుకి 50 నుంచి 100 గ్రాములు. అది ప్రత్యేకమైన సంపదేం కాదు, మామూలు రాళ్లలోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. కానీ పదుల, వందల ఘన కిలోమీటర్ల శిలాద్రవాన్ని నీళ్లు దువ్వి, దొరికిందంతా తీసుకెళ్లి ఒక ఘన కిలోమీటరు రాతిలో దింపితే అది గని అవుతుంది.

ఇక్కడ గంధకం దగ్గర ఒక చిక్కుంది. రాగికి గంధకమంటే ప్రీతి, బంగారానికి ఇంకా ఎక్కువ. శిలాద్రవం లోతులో ఉండగానే గంధకం సల్ఫైడ్ బొట్లుగా విడిపోయిందంటే, రాగిని, అంతకన్నా ఎక్కువగా బంగారాన్ని వెంటబెట్టుకుని అడుగున దిగబడిపోతుంది, పైకొచ్చే నీళ్లకి మిగిలేదేమీ ఉండదు. కిందకి దిగిన సముద్రపు పలక వల్ల ఈ శిలాద్రవాలు ఆక్సీకరణ ఎక్కువగా చెంది ఉంటాయి, దాంతో గంధకం సల్ఫేట్ రూపంలో ఉండి లోహాల జోలికి రాదు. అందుకే ద్వీపాల వరసల్లో బంగారం బతికి పైదాకా వస్తుందని ఎక్కువమంది లెక్క. ఎంత శాతం దీనివల్ల, ఎంత ఇతర కారణాల వల్ల అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. పొటాషియం ఎక్కువగా ఉండే శిలాద్రవాల్లో బంగారం పాలు ఎక్కువ కనబడుతుందన్నది మాత్రం చాలాచోట్ల చూసిన విషయమే.

పోర్ఫిరీ అనే మాట దగ్గరికి వద్దాం. మీ వంటింటి ప్లాట్‌ఫామ్ మీద చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ఉంటే ఒకసారి వంగి చూడండి. నల్లటి రాతిలో రాగిరంగు మెరుపులు కనబడతాయి, బంగారమని మురిసిపోయేవాళ్లు ఉన్నారు, అవి పైరాక్సీన్ అనే ఖనిజపు పలుకులు. ముఖ్యమైన సంగతేంటంటే ఆ రాతిలో పలుకులన్నీ కంటికి ఆనేంత పెద్దవి, దాదాపు ఒకే తీరున ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. లోతున, తొందర లేకుండా చల్లారిన రాయి అలా ఉంటుంది. పోర్ఫిరీ అలా ఉండదు. బూడిదరంగు మెత్తని పిండిలాంటి భాగంలో, మిల్లీమీటర్ల పరిమాణంలో తెల్లటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు అక్కడక్కడా గుచ్చినట్టుంటాయి. పెద్దవి లోతున నిదానంగా పెరిగాయి, చుట్టూ ఉన్న పిండి మాత్రం ఉన్నట్టుండి గడ్డకట్టింది. ఉన్నట్టుండి ఎందుకు? చల్లగాలి తగిలి కాదు, అప్పటికి అది ఇంకా కిలోమీటర్ల లోతునే ఉంది. అసలు కారణం నీరు వెళ్లిపోవడం. నీరుంటే రాయి తక్కువ వేడికే ద్రవంగా ఉండగలదని పైన చెప్పుకున్నాం, ఆ నీరు పోగానే అదే వేడిలో ద్రవంగా ఉండలేక బిగుసుకుపోతుంది. ఆ రాయిని చేతిలోకి తీసుకుంటే, నీళ్లు దీన్ని వదిలి వెళ్లాయన్న సాక్ష్యం కంటికి కనబడుతూనే ఉంటుంది. ఈ ఒక్క విషయం కోసమే నాకు ఈ రాయంటే ఇష్టం.

వెళ్లిన నీళ్లు ఏం చేశాయో చూడాలంటే డ్రిల్ కోర్ చూడాలి. వజ్రపు పళ్ల గొట్టంతో నేలలోకి దింపి తీసిన రాతి కడ్డీ, సుమారు ఆరు సెంటీమీటర్ల మందం ఉంటుంది, ట్రేల్లో వరసగా పేర్చి నీళ్లు చల్లితే అసలు రంగులు బయటపడతాయి. నిండా పలుగురాయి చారలు, అడ్డదిడ్డంగా, ఒకదాన్ని ఇంకోటి కోసుకుంటూ. దీన్నే స్టాక్‌వర్క్ అంటారు. కొన్ని చారలు వంకర టింకరగా, చక్కెర పలుకుల్లా ఉంటాయి, రాయి ఇంకా మెత్తగా వేడిగా ఉన్నప్పుడు పడ్డవవి. కొన్ని గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, సరిగ్గా మధ్యలో సన్నగా రాగి ఖనిజం గీత ఉంటుంది. ఇంకొన్నిటిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) మాత్రమే ఉంటుంది, వాటి అంచుల వెంట రాయి పాలిపోయి తెల్లగా ఉంటుంది, ఇవి చివర్లో వచ్చినవి. ఏది దేన్ని కోసిందో చూసి ఏది ముందో ఏది వెనకో చెప్పొచ్చు. చిలీలోని ఎల్ సాల్వడార్ గని మీద గుస్తాఫ్సన్, హంట్ 1975లో ఈ చారలకి ఎ, బి, డి అని పెట్టిన పేర్లే ఇవాళ్టికీ వాడుతున్నారు. రాగి ఖనిజాల్లో ఇత్తడి పసుపులో ఉండేది చాల్కోపైరైట్, తాజాగా కోస్తే రాగిరంగులో ఉండి గాలి తగిలాక ఊదారంగులోకి తిరిగేది బోర్నైట్. బోర్నైట్ ఎక్కువున్న చోట బంగారం బాగుంటుంది, ఎందుకంటే వేడిగా ఉన్నప్పుడు బంగారం దానిలో ఇమిడి, చల్లారేటప్పుడు సన్నటి రేణువులుగా విడిపోతుంది. కంటికి మాత్రం కనబడదు. మా బావ లాంటి వాళ్లకి ఇదే పెద్ద నిరాశ.

లోహం దిగడానికి కారణం చల్లారడమే. 400 డిగ్రీలకి అటూ ఇటూ వచ్చేసరికి నీళ్లలోని సల్ఫర్ డయాక్సైడ్ రెండు దార్లు పడుతుంది, కొంత సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, కొంత హైడ్రోజన్ సల్ఫైడ్‌గా. రెండోది దొరకగానే రాగి, ఇనుము దానితో కలిసి గట్టిపడతాయి. మొదటిది, ఆ ఆమ్లం, చుట్టూ ఉన్న రాతిని తినేస్తుంది. ఆ తినేసిన గుర్తులనే ఆల్టరేషన్ అంటారు. నడుమ బాగా వేడిగా ఉన్న చోట రాతికి పొటాషియం చేరి నల్ల అభ్రకం, గులాబీ ఫెల్డ్‌స్పార్, మాగ్నెటైట్ పుడతాయి, టిప్పు మెసేజ్‌లోని పొటాసిక్ అదే. దాని మీద, పక్కన తెల్లటి సన్న అభ్రకం, పైరైట్ నిండిన పొర. బాగా బయట, కిలోమీటర్ల మేర, రాయి ఆకుపచ్చగా మారి ఉంటుంది, క్లోరైట్, ఎపిడోట్ వల్ల. ఇంకా పైన, ఆవిరి నేలకి దగ్గరగా వెళ్లిన చోట, ఫెల్డ్‌స్పార్లన్నీ కొట్టుకుపోయి స్పాంజిలా చిల్లులు పడ్డ సిలికా మిగులుతుంది, అందులో ఒక్కోసారి విడిగా బంగారం ఉంటుంది.

ఈ వరస తెలిస్తే ఎక్కడున్నామో చెప్పొచ్చు. అమెరికాలో అరిజోనాలోని శాన్ మాన్యుయెల్ గని విషయంలో డేవిడ్ లోవెల్ అనే జియాలజిస్ట్ ఈ పొరల్ని చూసి, ఇది పక్కకి ఒరిగి, పగులు వల్ల రెండుగా తెగిన నిక్షేపం, రెండో సగం ఇంకోచోట లోతున ఉండాలి అని లెక్కగట్టి, అక్కడ డ్రిల్ చేయించి కాలమజూ అనే రెండో సగాన్ని పట్టుకున్నాడు. 1970లో గిల్‌బర్ట్‌తో కలిసి దాన్ని ఒక నమూనాగా రాశాడు. ప్లేట్ టెక్టోనిక్స్‌తో, అంటే పలకల కదలిక సిద్ధాంతంతో, దీన్ని ముడిపెట్టి రిచర్డ్ సిలిటో 1972లో రాశాడు. అంటే మనం ఇప్పుడు ఇంత ధీమాగా చెప్పుకుంటున్న ఈ కథ వయసు యాభై ఏళ్ల పైచిలుకే.

బాటు హిజావులో ఒక ముచ్చట చెప్పి డబ్బుల సంగతికి వస్తాను. అక్కడ టోనలైట్ ఒక్కసారి రాలేదు, మూడు దఫాలుగా వచ్చింది. మొదట వచ్చిన దానిలో, దాన్ని ఆనుకున్న అగ్నిపర్వత రాళ్లలో రాగి, బంగారం బాగున్నాయి. ఆఖరున వచ్చినది చాలావరకు వట్టిదే, పైగా అంతకుముందు ఉన్న మంచి రాతిని చీల్చుకుని నడుమ కూర్చుంది. అందుకే 'పోర్ఫిరీ తగిలింది' అన్న మాటకి విలువ లేదు, ఏ దఫా పోర్ఫిరీ అన్నది అడగాలి. రెండో ప్రశ్న, ఎంత లోతున తగిలింది. మూడోది, ఆ శాతం ఎన్ని మీటర్ల సగటు, ఆ సగటులో ఒకటి రెండు బలమైన చారలే మొత్తం బరువు మోస్తున్నాయా లేక రాయంతా సమంగా ఉందా.

ఇక అంకెలు. ఈ తరహా గనుల్లో రాగి నూటికి అర శాతం, బంగారం టన్నుకి అర గ్రాము ఉంటే చెప్పుకోదగ్గ గనే. అంటే కాసు బంగారానికి, మన లెక్కలో 8 గ్రాములకి, 16 టన్నుల రాయి పగలగొట్టాలి, ఒక పెద్ద టిప్పర్ నిండా. అందులో ఉన్నదంతా చేతికి రాదు కూడా. ఆ రాతిలోనే 80 కిలోల రాగి ఉంటుంది కాబట్టి గిట్టుబాటవుతుంది, బంగారం ఒక్కదాని కోసం అయితే చాలాచోట్ల తవ్వేవాళ్లే కాదు. శాతం ఇంత తక్కువైనా పరిమాణం వల్ల ప్రపంచంలో తవ్వే రాగిలో దాదాపు ముప్పావు వంతు, బంగారంలో ఇంచుమించు ఐదో వంతు ఈ పోర్ఫిరీ కుటుంబం నుంచే వస్తున్నాయి.

మిగతా పదిహేను టన్నుల పైచిలుకు రాతిపొడి ఎక్కడికి పోవాలి? దాంట్లో పైరైట్ ఉంటుంది, అది గాలి, వాన తగిలితే మళ్లీ సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారుచేస్తుంది. నిటారు కొండలు, కుండపోత వానలు, భూకంపాలు ఉండే ద్వీపంలో దాన్ని నిలవ ఉంచే ఆనకట్ట కట్టడం పెద్ద టెన్షన్. బాటు హిజావులో దాన్ని గొట్టం ద్వారా సముద్రంలోకి వదిలి, 3 కిలోమీటర్లకి పైగా లోతున్న లోయలోకి జారేట్టు చేశారు. పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ ద్వీపంలో పంగూనా గని 1972 నుంచి నడిచింది, అక్కడా పంగూనా అండెసైట్ అనే అగ్నిపర్వత రాయి, దానిలోకి దూరిన క్వార్ట్జ్ డయోరైట్, ఇదే కథ. ఆ గని చెత్త జాబా నదిలోకి వెళ్లింది, నది పూడిపోయింది, తమ నేల, నీళ్లు పోయి తమకి దక్కింది చిల్లర అని భూమి సొంతదారులు తిరగబడ్డారు, 1989లో గని మూతపడింది, ఆ గొడవ పదేళ్ల యుద్ధంగా మారి వేల మంది ప్రాణాలు తీసింది. 2019 రెఫరెండంలో అక్కడి జనం దాదాపు 98 శాతం స్వతంత్ర దేశం కావాలని ఓటేశారు. గని ఇప్పటికీ తెరుచుకోలేదు, రాయి కింద రాగి, బంగారం మాత్రం అలాగే ఉన్నాయి. టిప్పులు పంపేవాళ్లు ఇలాంటివి రాయరు.

ఇంతా విన్నాక బావ అడిగాడు, మన దగ్గర ఎందుకు లేదు మరి అని. మంచి ప్రశ్న. దానికి జవాబు లోతు, వయసు.

ఈ నిక్షేపాలు నేలకి ఒకటి నుంచి ఐదారు కిలోమీటర్ల లోతున పుడతాయి. పైన ఉన్న కిలోమీటరు రెండు కిలోమీటర్లు వానకి కోసుకుపోతే మనకి అందుతాయి, అంతకన్నా ఎక్కువ కోసుకుపోతే గనే కొట్టుకుపోతుంది. ఎత్తుగా లేస్తూ, కుండపోతగా తడిసే ద్వీపాల్లో ఆ మధ్య వ్యవధి చాలా చిన్నది. బారెన్ ద్వీపం 1787 నుంచి నమోదైన చరిత్రలో ఎన్నోసార్లు పొంగింది, ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది. దాని కింద ఏదైనా ఉన్నా కోత ఇంకా మొదలే కాలేదు. మరోవైపు మన ఇంద్రకీలాద్రి, మంగళగిరి కొండలు తీసుకోండి. ఖోండలైట్, చార్నోకైట్ రాళ్లు, కొన్నిటిలో ఎర్రటి గార్నెట్ గింజలు కంటికే కనబడతాయి. ఆ ఖనిజాలు పుట్టాలంటే ఇరవై, ముప్పై కిలోమీటర్ల లోతు కావాలి. అంటే మనం దుర్గ గుడి మెట్లెక్కుతున్నప్పుడు కాలు పెడుతున్నది ఒకప్పటి భూపటలపు అడుగు భాగం మీద. కొండపల్లి కొండల్లో గాబ్రో, పైరాక్సినైట్, క్రోమైట్ పొరలుగా ఉన్నాయి, 150 కోట్ల ఏళ్లకి పైబడిన రాళ్లు. అవి పలక దిగిన అంచు మీద లేచిన అగ్నిపర్వతాల వరసకి వేళ్లలాంటివని పరిశోధకుల్లో కొందరు రాశారు. అది నిజమైతే ఆ వేళ్ల మీద ఒకప్పుడు అగ్నిపర్వతాలు, వాటి కింద పోర్ఫిరీలు ఉండి ఉండొచ్చు, కానీ ఆ పై అంతస్తులన్నీ ఎప్పుడో కోసుకుపోయాయి.

పాతవన్నీ పోవాలనేం లేదు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్‌లోని కాడియా ప్రాంతం 44 కోట్ల ఏళ్ల కిందటి ద్వీపాల వరస, ఇవాళ సముద్రానికి దూరంగా గొర్రెలు మేసే మైదానం. ఆ తర్వాత చేరిన రాళ్లు కప్పేయడం వల్ల మిగిలింది. అక్కడి రిడ్జ్‌వే నిక్షేపం పైభాగమే 500 మీటర్ల లోతున ఉంది, 1996లో డ్రిల్‌కి తగిలింది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్, సుమారు 250 కోట్ల ఏళ్ల గ్రానైట్‌లో ఉన్న పెద్ద రాగి గని, పోర్ఫిరీ తరహాదేనని కొందరు, కాదని కొందరు.

పల్నాడులో, పాత గుంటూరు జిల్లాలోని అగ్నిగుండాల దగ్గర రాగి ఉంది కదా అని మీరనొచ్చు. నల్లకొండ, ధూకొండల్లో రాగి, బండలమోట్టులో సీసం, ఇవి ఉన్నమాటే. కానీ అవి కడప బేసిన్ అవక్షేప శిలల్లో, క్వార్ట్‌జైట్, డోలమైట్ లాంటి రాళ్లలో ఉన్నాయి. అక్కడ పోర్ఫిరీ స్తంభం లేదు, పొటాసిక్ నడుము లేదు, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం లేదు. లోహాన్ని మోసింది అక్కడా వేడి నీళ్లే, దించింది మాత్రం అగ్నిపర్వతం కింద కాదు, ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న పొరల్లో.